మనిషి, కృత్రిమ మేధ కలిసి పనిచేయడంపై పరిశోధన: బెజవాడ, గుంటూరు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

మన రెండు ఊళ్ళ చుట్టూ ఉన్న ఇంజనీరింగ్ కళాశాలల్లో ఏఐ అనగానే మోడల్ తయారుచేయడమే అన్న అభిప్రాయం పాతుకుపోయింది. ఆ మోడల్ చెప్పింది విని మనిషి ఏం చేస్తాడు, ఎప్పుడు నమ్ముతాడు, ఎప్పుడు పక్కన పెడతాడు, ఇద్దరూ కలిసి తేల్చింది ఎవరికి వారు తేల్చిన దానికంటే మెరుగ్గా ఉందా లేదా అని పరిశీలించే శాస్త్రం వేరే ఉంది. అందులో పీహెచ్‌డీ చేసి అధ్యాపకులుగా స్థిరపడవచ్చని చాలామందికి ఆలస్యంగా తెలుస్తోంది. విద్యార్థులూ, వారి తల్లిదండ్రులూ అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట ఇస్తున్నాను.

ఈ పరిశోధకులు చేసే పని ఏమిటి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఛాతీ ఎక్స్‌రే చూసి క్షయ అనుమానం ఉందో లేదో చెప్పే సాఫ్ట్‌వేర్‌ను ఒక ఆసుపత్రిలో పెట్టారనుకోండి. దాని కచ్చితత్వం ఎంతో కొలవడం కంప్యూటర్ శాస్త్రవేత్తల పని. సాఫ్ట్‌వేర్ "అనుమానం లేదు" అన్న తర్వాత డాక్టరు ఆ ఎక్స్‌రేను మునుపటంత శ్రద్ధగా చూస్తున్నారా, అది పొరబడినప్పుడు పట్టుకోగలుగుతున్నారా, ఓపీలో జనం కిక్కిరిసిన రోజున ఆ పట్టుకునే శక్తి తగ్గిపోతోందా అన్నవి ఈ రంగం ప్రశ్నలు. వాటికి జవాబులు రాబట్టడానికి పరిశోధకులు పని జరిగేచోట కూర్చుని గమనిస్తారు, ప్రయోగాలు రూపొందిస్తారు, వచ్చిన దత్తాంశాన్ని (డేటాను) గణాంకశాస్త్రంతో విశ్లేషిస్తారు, ఆపైన వ్యాసాలు రాస్తారు. రాత పని బయటివారు ఊహించుకునే దానికంటే చాలా ఎక్కువ.

చాట్‌బాట్‌లు వచ్చాక పుట్టిన రంగమేనా ఇది?

కాదు. 1951లోనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్, విమానాల రాకపోకల నియంత్రణపై ఒక నివేదికలో మనిషి ఏయే పనుల్లో మేలు, యంత్రం ఏయే పనుల్లో మేలు అని జాబితా వేశారు. 1960లో మరో అమెరికన్ శాస్త్రవేత్త జె.సి.ఆర్. లిక్‌లైడర్ మనిషీ కంప్యూటరూ పరస్పరం ఆధారపడి ఆలోచించే రోజు వస్తుందని ఒక వ్యాసం రాశారు. తన పని వేళలను తానే గమనించుకుని, ఆలోచనకు వెచ్చిస్తున్నాననుకున్న సమయంలో దాదాపు 85 శాతం, ఆలోచించడానికి కావలసినవి సమకూర్చుకోవడానికే పోతోందని ఆయన అందులో లెక్క తేల్చారు.

నా దృష్టిలో అన్నింటికంటే ముందు చదవవలసినది మాత్రం 1983లో మనస్తత్వ శాస్త్రవేత్త లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ రాసిన చిన్న వ్యాసం. పనిని ఎంత ఎక్కువగా యంత్రానికి అప్పగిస్తే, మనిషికి మిగిలే పని అంత కష్టమవుతుందని ఆమె వాదన. తేలికవన్నీ యంత్రం చేసుకుపోతుంది. అది చేతులెత్తేసిన క్షణంలో మనిషి అందుకోవాలి. కానీ రోజూ చేయని పనిలో నైపుణ్యం తుప్పు పడుతుంది. 2009లో ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో వేగం కొలిచే గొట్టాలకు మంచు పట్టి ఆటోపైలట్ దానంతటదే ఆగిపోయినప్పుడు, పైలట్లు పరిస్థితిని అర్థం చేసుకుని సరిదిద్దుకోలేకపోయారు. 228 మంది చనిపోయారు. ఆమె వ్యాసాన్ని ఈ దుర్ఘటన పక్కన పెట్టి చదివితే, ఈ పరిశోధన ఎందుకు అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు. ఇబ్రహీంపట్నంలోని మన థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి చోట్ల కంట్రోల్ రూమ్‌లో కూర్చునే ఇంజనీర్లకు ఈ వాదన వివరించి చెప్పవలసిన అవసరమే ఉండదు.

మనిషి తెలివీ యంత్రం తెలివీ కలిస్తే ఫలితం ఎప్పుడూ మెరుగే కదా? ఇందులో పరిశోధించడానికి ఏముంది?

కలిస్తే మెరుగన్నది అందరికీ ఉన్న నమ్మకమే. దానికి బలమైన ఉదాహరణలూ లేకపోలేదు. 1997లో డీప్ బ్లూ అనే చదరంగం కంప్యూటర్ చేతిలో ఓడిన ప్రపంచ ఛాంపియన్ గ్యారీ కాస్పరోవ్, మరుసటి ఏడాదే మనిషీ కంప్యూటరూ జట్టుగా ఆడే చదరంగాన్ని ప్రారంభించారు. 2005లో అటువంటి ఒక ఆన్‌లైన్ పోటీలో గ్రాండ్‌మాస్టర్లను దాటుకుని గెలిచింది, మామూలు కంప్యూటర్లు మూడింటిని నేర్పుగా వాడుకున్న ఇద్దరు ఔత్సాహిక ఆటగాళ్ళు.

అయితే 2024లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష ఈ నమ్మకాన్ని గట్టిగా కుదిపింది. 106 ప్రయోగాత్మక అధ్యయనాల ఫలితాలను కలిపి చూస్తే, మనిషి–ఏఐ జోడీ సగటున ఆ ఇద్దరిలో మెరుగైనవారు ఒంటరిగా చేసిన దానికంటే తక్కువే సాధించింది. మనిషి ఒక్కడే చేసిన దానికంటే జోడీ నయం, నిజమే. కానీ ఇద్దరిలో గట్టివారిని మించలేకపోయింది. నిర్ణయాలు తీసుకునే పనుల్లో నష్టం కనిపించగా, రాత వంటి సృజన పనుల్లో లాభం కనిపించింది. మనిషి ఏఐ కంటే బాగా చేయగల పనుల్లో జోడీ లాభపడింది. ఏఐ ముందున్న పనుల్లో మనిషి జోక్యం ఫలితాన్ని కిందికి లాగింది.

దీన్ని బట్టి ఏఐ పనికిరాదనో, మనిషి అడ్డమనో తేల్చేయడం తొందరపాటు. అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది: యంత్రానికి అందని సమాచారం మనిషి దగ్గర ఏముంది? ఇద్దరూ ఒకే ఫొటోను చూసి తీర్పు చెబుతుంటే కలపడం వల్ల ఒరిగేది తక్కువ. మనిషి చేతికో ముక్కుకో చెవికో తెలిసింది కెమెరాకు తెలియనప్పుడే జోడీకి అర్థం ఉంటుంది. ఈ ప్రశ్నను పట్టుకుని పనిప్రదేశాలను వెతుక్కుంటూ వెళ్ళే విద్యార్థికి ఈ రంగంలో భవిష్యత్తు ఉందని నా గట్టి నమ్మకం. మోడల్ పేర్లు వల్లె వేసేవారి విషయంలో నాకు అంత నమ్మకం లేదు.

మన ప్రాంతంలో ఇటువంటి ప్రయోగం చేయడానికి వీలుందా?

గుంటూరు మిర్చి యార్డునే తీసుకోండి. కొనుగోలుదారు టిక్కీ (మిర్చి బస్తా)లోకి చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు పైకి తీస్తాడు. రంగు చూస్తాడు, పిడికిట్లో నొక్కి తేమ పసిగడతాడు, ఒక కాయను చెవి దగ్గర ఆడించి గింజ గలగలమంటోందా లేదా వింటాడు, తొడిమ చూస్తాడు, తాలు (రంగు పోయిన నాసి కాయలు) ఎంత కలిసిందో కంటితోనే అంచనా వేస్తాడు, ధర చెబుతాడు. ఇదంతా నిమిషం కూడా పట్టదు. ఇప్పుడు ఫోను కెమెరాతో కాయల ఫొటో తీసి రంగునూ తాలు శాతాన్నీ చెప్పే యాప్ ఒకటి ఉందనుకుందాం. లెక్కపెట్టడంలో అది మనిషిని మించిపోవచ్చు. తేమ సంగతి మాత్రం దానికి తెలియదు.

ప్రయోగం ఇలా ఉండవచ్చు. అనుభవజ్ఞులైన గ్రేడర్లకు ఒక్కొక్క నమూనా ఇచ్చి ముందు వారి తీర్పు రాయించుకుంటాం. తర్వాత యాప్ తీర్పు చూపించి, మార్చుకుంటారా అని అడుగుతాం. కొన్ని నమూనాలకు యాప్ చేత కావాలనే తప్పు చెప్పిస్తాం. నిజమైన జవాబు ప్రయోగశాల పరీక్షలో ముందే తేల్చి పెట్టుకుంటాం. అప్పుడు లెక్కించవలసినవి రెండు: యాప్ ఒప్పు చెప్పినప్పుడు ఎంతమంది తమ తప్పును దిద్దుకున్నారు, యాప్ తప్పు చెప్పినప్పుడు ఎంతమంది తమ ఒప్పును వదులుకున్నారు. ఈ రెండింటినీ విడదీసి చూడకుండా "యాప్‌పై నమ్మకం పెరిగింది" అని రాసే వ్యాసాలు నా అభిప్రాయంలో కాగితం దండగ. నమ్మకం పెంచడం లక్ష్యం కాదు. యంత్రం సామర్థ్యం ఎంతో నమ్మకం అంతే ఉండేలా చూడడమే లక్ష్యమని 2004లో లీ, సీ అనే పరిశోధకులు స్పష్టంగా రాశారు.

యాప్ ఇంకా తయారు కాకపోయినా ప్రయోగం ఆగదు. తెర వెనుక ఒక మనిషిని కూర్చోబెట్టి, అతని జవాబులనే యంత్రం జవాబులుగా చూపించే పద్ధతి ఈ రంగంలో ఎప్పటి నుంచో ఉంది. ప్రయోగం ముగిశాక పాల్గొన్నవారికి అసలు సంగతి చెప్పితీరాలి.

యార్డు ఒక్కటే కాదు. లాంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం, మంగళగిరి ఎయిమ్స్, గుంటూరు సర్వజనాసుపత్రి, విజయవాడ రైల్వే జంక్షన్, ప్రకాశం బ్యారేజీ గేట్ల నిర్వహణ, ఇవన్నీ మనిషి తీర్పు మీద నడిచే చోట్లే. 2024 సెప్టెంబరు వరదల్లో విజయవాడ ముంపు కాలనీలకు డ్రోన్లతో ఆహారం అందించారు. ఒక్క ఆపరేటరు ఒకేసారి ఎన్ని డ్రోన్లను గమనించగలడు, వాటిలో ఒకటి దారి తప్పితే మిగతావాటిపై ధ్యాస ఎంత తగ్గుతుంది అన్నవి మనిషి–రోబో పరిశోధనలో చాలాకాలంగా నలుగుతున్న ప్రశ్నలు.

ఒక మనిషి, ఒక యంత్రం సరే. నిజమైన జట్లపై పరిశోధన జరుగుతోందా?

జరుగుతోంది, కానీ తక్కువ. అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయంలో నాన్సీ కుక్ బృందం చేసిన ప్రయోగాలు ఇందులో ముఖ్యమైనవి. డ్రోన్‌ను నడిపే ముగ్గురి జట్టులో పైలట్, నావిగేటర్, ఫొటోగ్రాఫర్ ఉంటారు. పైలట్ స్థానంలో కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను పెట్టి చూశారు. అది డ్రోన్‌ను నడపగలిగింది; అయితే ఎదుటివారు అడగకముందే వారికి కావలసింది అందించడంలో ఆ జట్లు మనుషుల జట్లకంటే వెనకబడ్డాయి. ఆపరేషన్ థియేటర్‌లో అనుభవమున్న నర్సు, సర్జన్ నోరు తెరవకముందే పరికరం అందించడం చూసినవారికి ఆ లోటు ఎంత పెద్దదో వెంటనే తెలుస్తుంది.

యంత్రాన్ని జట్టు సభ్యుడిగా భావించడం సమంజసమేనా?

దీనిపై పండితుల్లోనే ఏకాభిప్రాయం లేదు. కంప్యూటర్ శాస్త్రవేత్త బెన్ ష్నైడర్‌మన్ వంటివారు యంత్రం ఎప్పటికీ పనిముట్టేననీ, సహచరుడని పిలవడం వల్ల బాధ్యత ఎవరిదన్నది మసకబారుతుందనీ వాదిస్తారు. నేను ఆ వాదన వైపే కొంత మొగ్గుతాను. ఏ పక్షం ఎంచుకున్నా ప్రయోగాలు చేయడానికి అడ్డేమీ లేదు.

ఏ డిగ్రీ ఉండాలి? కోడింగ్ బాగా రావాలా?

కంప్యూటర్ సైన్స్, మనస్తత్వశాస్త్రం, డిజైన్, ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్, వీటిలో ఎటునుంచైనా రావచ్చు. ఆటోమేషన్ మీద మనిషి ఆధారపడే తీరును విశ్లేషించి 1997లో విక్టర్ రైలీతో కలిసి ప్రసిద్ధ వ్యాసం రాసిన రాజా పరశురామన్, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి తర్వాత మనస్తత్వశాస్త్రానికి మారినవారే. అవసరానికి మించి యంత్రాన్ని నమ్మడం, నమ్మవలసినంత నమ్మకపోవడం, మనిషిని పట్టించుకోకుండా యంత్రాన్ని పెట్టేయడం, ఈ మూడింటినీ వేరుచేసి చూపింది ఆ వ్యాసమే.

కోడింగ్ విషయానికొస్తే, ప్రయోగంలో పాల్గొనేవారికి చూపించే కంప్యూటర్ తెర రూపొందించుకుని పైథాన్‌లోనో ఆర్‌లోనో విశ్లేషణ చేసుకోగలిగితే చాలు. బీటెక్ విద్యార్థులకు కొరతగా ఉండేది గణాంకశాస్త్రం, ప్రయోగ రూపకల్పన. యాదృచ్ఛిక కేటాయింపు (ఎవరు ఏ గుంపులో ఉండాలో చీటీ తీసినట్టు నిర్ణయించడం) ఎందుకు, నమూనా పరిమాణాన్ని ముందే ఎలా నిర్ణయించాలి, మిక్స్‌డ్ మోడల్స్ (ఒకే మనిషి నుంచి పలుమార్లు తీసుకున్న కొలతలను విశ్లేషించే గణాంక పద్ధతి) ఎప్పుడు వాడాలి అన్న ప్రశ్నలకు జవాబు చెప్పలేని నాలుగో సంవత్సరం విద్యార్థులను ఎందరినో చూశాను. న్యూరల్ నెట్‌వర్క్ పొరల గురించి మాత్రం వారు గంటసేపు మాట్లాడగలరు. మనస్తత్వశాస్త్రం చదివిన బీఏ విద్యార్థులు ఈ విషయంలో ఒక అడుగు ముందే ఉంటారు, ఆ సంగతి వారికి ఎవరూ చెప్పరు.

పీహెచ్‌డీ ఎక్కడ చేయవచ్చు?

దగ్గరలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో న్యూరల్, కాగ్నిటివ్ శాస్త్రాల కేంద్రం, ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌లో కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉన్నాయి. ఐఐటీ కాన్పూర్‌లో కాగ్నిటివ్ సైన్స్ విభాగం, ఐఐటీ గాంధీనగర్‌లో అదే అంశంలో పరిశోధన, ఐఐటీ బొంబాయి, గువాహటిల్లో డిజైన్ విభాగాలు, బెంగళూరు ఐఐఎస్సీలో డిజైన్ పరిశోధన, ఇవన్నీ తగినవే. విదేశాల్లో కార్నెగీ మెలన్, అరిజోనా స్టేట్, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్‌ట్ పేర్లు ముందుగా వినిపిస్తాయి. అయితే విభాగం పేరు కంటే గైడ్ ఎవరన్నది ముఖ్యం. ఆయన లేదా ఆమె దగ్గర చదివిన విద్యార్థులు ఎన్నేళ్ళలో పూర్తిచేశారు, ఇప్పుడెక్కడ ఉన్నారు అని ఆరా తీయడానికి మొహమాటపడవద్దు. పెళ్ళి సంబంధానికి మనవాళ్ళు చేసే వాకబులో సగం చేసినా చాలు.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం మార్కులున్నవారు పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హులు. కాలవ్యవధి కనీసం మూడేళ్ళు, మామూలుగా ఆరేళ్ళకు మించకూడదు.

ఇంట్లో డబ్బు అడగకుండా నెట్టుకురావచ్చా?

దేశంలో అయితే వచ్చు, పొదుపుగా. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) మొత్తం 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్)గా 42,000. ఇంటి అద్దె భత్యం వేరు. ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ కింద ఇంతకంటే బాగా ఎక్కువే ఇస్తారు. దానికి పోటీ చాలా గట్టిది. ఫెలోషిప్ ఏదీ లేకుండా ప్రైవేటు విశ్వవిద్యాలయంలో చేరేవారు, నెలకు ఎంత ఇస్తారు, ఎన్నేళ్ళు ఇస్తారు, బదులుగా వారానికి ఎన్ని తరగతులు చెప్పించుకుంటారు అన్నవి రాతపూర్వకంగా తీసుకోవాలి.

అమెరికాలో ఎంఎస్‌కు వెళ్ళి తర్వాత పీహెచ్‌డీ చూసుకోవడం మేలు కాదా?

బెజవాడలో ఇది అందరూ అనుకునే దారి. కానీ ఎంఎస్‌కు సాధారణంగా అప్పు చేయాలి. అక్కడి పీహెచ్‌డీలో చాలావరకు ఫీజు మాఫీ అయి స్టైపెండ్ కూడా వస్తుంది. బీటెక్ నుంచి నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువులు ఎక్కువగా డిసెంబరులో ఉంటాయి. పరిశోధన మీద ఇంకా మనసు కుదరనివారు ఎంఎస్ చేయడంలో తప్పులేదు. పరిశోధనే కావాలనుకునేవారు మాత్రం ముప్పై, నలభై లక్షల అప్పును మధ్యలోకి తెచ్చుకోనక్కరలేదు. ఇక్కడ పీహెచ్‌డీలో చేరినవారికి ఫుల్‌బ్రైట్–నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ ద్వారా ఆరు నుంచి తొమ్మిది నెలలు అక్కడ పనిచేసే వీలు కూడా ఉంది.

అమ్మాయికి ఐదారేళ్ళ చదువంటే పెళ్ళి వయసు దాటిపోదా?

ఈ ప్రశ్న తల్లిదండ్రుల నుంచే వస్తుంది. అబ్బాయి విషయంలో ఎవరూ అడగరు. నిబంధనల సంగతి చెప్పడం వరకే నా పని: యూజీసీ మహిళలకు గడువులో మరో రెండేళ్ళ సడలింపు, మొత్తం చదువులో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఇస్తోంది. పెళ్ళి చేసుకుని, బిడ్డను కని, పీహెచ్‌డీ పూర్తిచేసినవారు ప్రతి విభాగంలోనూ ఉన్నారు.

డబ్బు కడితే స్కోపస్ (పరిశోధన పత్రికల అంతర్జాతీయ సూచిక) పేపరు వేయిస్తామంటున్నారు. వేయించుకోవచ్చా?

వద్దు. 2022 నిబంధనలు థీసిస్ సమర్పించడానికి ముందు పేపరు ఉండితీరాలన్న షరతునే తీసేశాయి. ఈ రంగంలో గుర్తింపు ఉన్న వేదికలు సీహెచ్‌ఐ (మనిషి–కంప్యూటర్ సంబంధం), సీఎస్‌సీడబ్ల్యూ (కంప్యూటర్ల సాయంతో కలిసి పనిచేయడం), హెచ్‌ఆర్‌ఐ (మనిషి–రోబో సంబంధం) సమావేశాలు, హ్యూమన్ ఫ్యాక్టర్స్ పత్రిక. వాటిలో ఒక్కటి వచ్చినా చాలు. కొనుక్కున్న వ్యాసాలు పది ఉన్నా, మంచి విశ్వవిద్యాలయంలో ఇంటర్వ్యూ బోర్డు రెండు ప్రశ్నల్లో పసిగట్టేస్తుంది.

యార్డులోనో ఆసుపత్రిలోనో నేరుగా వెళ్ళి ప్రయోగం మొదలుపెట్టవచ్చా?

సంస్థాగత నైతికతా సంఘం అనుమతి లేకుండా మొదలుపెట్టకూడదు. వైద్యానికి సంబంధించినదైతే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు వర్తిస్తాయి. సమ్మతి పత్రం తెలుగులో, చదువు రానివారికి చదివి వినిపించగలిగేంత సరళంగా ఉండాలి. హమాలీలు, గ్రేడర్లు కూలి పోగొట్టుకుని ప్రయోగానికి వస్తారు కాబట్టి ఆ సమయానికి పరిహారం చెల్లించాలి. వారి తప్పుల వివరాలు యజమాని చేతికి ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్ళకూడదు. వెళ్తాయన్న అనుమానం కలిగినా వారు నిజమైన తీర్పు చెప్పరు. పని భారాన్ని కొలవడానికి నాసా 1980లలో రూపొందించిన ఆరు అంశాల ప్రశ్నావళి వాడేటప్పుడు, దాన్ని తెలుగులో పెట్టి ముందుగా కొద్దిమందిపై పరీక్షించి చూడాలి.

ప్రయోగశాలలో పనిచేసింది క్షేత్రంలో పనిచేస్తుందని కూడా అనుకోవద్దు. మధుమేహం వల్ల కంటి రెటీనాకు వచ్చే జబ్బును గుర్తించే గూగుల్ ఏఐని థాయిలాండ్‌లో 11 క్లినిక్‌లలో పరిశీలించి 2020లో ఫలితాలు ప్రచురించారు. గదిలో వెలుతురు సరిగా లేక, ఐదింట ఒక వంతుకు పైగా ఫొటోలను అది తిరస్కరించింది. ఇంటర్నెట్ నెమ్మదించి రోగులు వేచి ఉండవలసి వచ్చింది. మళ్ళీ ఫొటోలు తీయడం, రోగులకు సర్దిచెప్పడం నర్సుల నెత్తిన పడింది.

ఏఐ ఏడాదికో రకంగా మారిపోతోంది. పీహెచ్‌డీ పూర్తయ్యేసరికి నా అంశం పాతబడదా?

ఫలానా మోడల్ మీద రాస్తే పాతబడుతుంది. ధ్యాస, నమ్మకం, నైపుణ్యం కోల్పోవడం, బాధ్యత పంచుకోవడం మీద రాస్తే అంత తొందరగా పాతబడదు. నలభై ఏళ్ళు దాటిన బెయిన్‌బ్రిడ్జ్ వ్యాసాన్ని ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం.

తర్వాత ఉద్యోగం?

విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం 57,700 రూపాయల నుంచి, ఐఐటీల్లో గ్రేడ్ వన్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు 1,01,500 నుంచి మొదలవుతుంది. అమెరికాలో ఉద్యోగం ఖాయం కావడానికి సుమారు ఆరేళ్ళ పరీక్షాకాలం ఉంటుంది. బోధన కుదరనివారిని కంపెనీల పరిశోధన విభాగాలు తీసుకుంటాయి. ఒక చిక్కు ముందే చెప్పాలి: రెండు శాస్త్రాల మధ్య నిలబడిన అభ్యర్థిని కంప్యూటర్ విభాగం మనస్తత్వ శాస్త్రవేత్తగా, మనస్తత్వశాస్త్ర విభాగం ఇంజనీరుగా చూసి పక్కన పెట్టే సందర్భాలు మన దేశంలో ఉన్నాయి. అందుకే పీహెచ్‌డీ ఏ విభాగం పేరు మీద వస్తుందో, ఆ డిగ్రీతో ఏయే పోస్టులకు అర్హత ఉంటుందో చేరకముందే చూసుకోవాలి.

ప్రొఫెసర్‌కు మొదటి ఉత్తరం ఎలా రాయాలి?

ఒక పేజీ దాటకూడదు. "గౌరవనీయులైన" అంటూ మూడు వాక్యాల పొగడ్త అక్కరలేదు. వారి వ్యాసం ఒకటి నిజంగా చదివి, అందులో మీకు తేలని ప్రశ్న ఒకటి రాయండి. మీరు స్వయంగా గమనించిన పనిప్రదేశం గురించి నాలుగు వాక్యాలు రాయండి. మీరు చేసిన విశ్లేషణ ఏదైనా ఉంటే జతచేయండి. ఉత్తరాన్ని ఏఐతో రాయించి పంపితే, ఈ రంగంలోని ప్రొఫెసర్లు అందరికంటే ముందే పోల్చుకుంటారు. రెండు వారాలకు జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి, అప్పటికీ రాకపోతే మరొకరికి రాయండి.